దొరికిన ఫైలు – నేర నిరూపణము

యోసేపు వెండిగిన్నె బెన్యామీను గోనెలో దొరికెను. దొరికిన మాట నిజమే. కాని దాని నందుంచినవాడు యోసేపు గృహనిర్వాహకుడు. ఫోనులో దొరికిన నిషిద్ధమైన ఫైలు విషయమునను న్యాయస్థానమునకు కలుగు చిక్కు ఇట్టిదే.

2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ చలనచిత్రము విడుదలకు మునుపే బయటికి పొక్కి, దాని సీడీలు కృష్ణాజిల్లా పెడనలో అమ్ముడుపోయెను. (నాడు మన ఎ.కొండూరును ఆ జిల్లాలోనిదే.) దుకాణములో అమ్మినవానిపై నేరము మోపుట సులువు. ఇంటిల్లిపాదియు వాడు ఫోనులో వాట్సాపు తనంతట తాను దాచిన ఫైలునకు బాధ్యు డెవరు? 1957 నాటి కాపీరైటు చట్టములోని 63వ సెక్షను తెలిసి హక్కు నతిక్రమించినవానినే శిక్షించును. కావున ఫైలును ఎవరు తెరచిరో, ఎవరికి పంపిరో ప్రాసిక్యూషనువారు రుజువు చేయవలెను.

ఫైలును మార్చుటయు సులభమే. అందుచేత 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము ధ్రువపత్రమును, ఫైలు హాష్ విలువను కోరుచున్నది. ఫైలులో ఒక్క అక్షరము మారినను ఆ విలువ మారిపోవును. అది ఫైలునకు వ్రేలిముద్ర వంటిది.

బాలల అశ్లీల చిత్రముల విషయమున మాత్రము చట్టము కఠినము, అట్లుండుట న్యాయమే. పోక్సో చట్టము క్రింద ప్రాథమిక సంగతులు రుజువైన పిమ్మట దురుద్దేశమున్నట్లే కోర్టు భావించును. లేదని ముద్దాయియే చూపవలెను. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టపరచెను.