ఇంట్లో గది అద్దెకు ఇచ్చే ముందు



సెప్టెంబరు దగ్గర పడేసరికి మన గుడి నోటీసు బోర్డు మీద "గది కావాలి" అనే చీటీలు పెరుగుతాయి. పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ వెళ్ళిపోయి గదులు ఖాళీగా ఉన్న ఇళ్ళు మనలో చాలానే ఉన్నాయి. నాలుగేళ్ళుగా మేము ఒక గది ఇస్తున్నాం కాబట్టి, కొత్తగా ఇద్దామనుకునేవారు మమ్మల్ని అడుగుతుంటారు. మాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాం. ఇంగ్లండ్‌లో, తాము ఉంటున్న ఇంట్లోనే గది ఇచ్చేవారికి ఇది వర్తిస్తుంది.

ముందు మా తప్పు చెప్పుకోవాలి. మొదట మా ఇంటికి వచ్చిన అమ్మాయి గుంటూరు నుంచి ఎమ్మెస్సీ చదవడానికి వచ్చింది. "మా అమ్మాయిలాంటిదానివి, కాగితాలెందుకమ్మా" అన్నాం. పార్ట్‌టైమ్ ఉద్యోగం నుంచి అర్ధరాత్రి వచ్చి వంట చేసుకునేది. రెండు రోజులకని వచ్చిన స్నేహితురాలు మూడు వారాలు ఉంది. మొహమాటంతో ఒక్క మాటా అనలేదు. జనవరిలో గ్యాస్ బిల్లు చూసిన రోజు మాత్రం అన్నీ కలిపి ఒకేసారి అనేశాం. "ముందే చెబితే వినేదాన్ని కదా ఆంటీ" అని ఏడ్చింది. వారంలో వెళ్ళిపోయింది. డిపాజిట్‌లో కొంత కోసుకుని ఇచ్చాం. ఉగాదికి గుడిలో మమ్మల్ని చూసి తల తిప్పుకుంది.

అందుకే మా మొదటి మాట: మనవాళ్ళే అయినా, మనవాళ్ళు కాబట్టే, ముందు కాగితం మీద పెట్టండి. అద్దె ఎంత, ఏ తేదీకి, కరెంటు, గ్యాస్, ఇంటర్నెట్ అందులో కలిసే ఉన్నాయా, వంటగది ఎప్పటివరకు వాడుకోవచ్చు, చుట్టాలూ స్నేహితులూ ఎన్ని రాత్రులు ఉండవచ్చు, ఇవన్నీ రాయండి. మాంసాహారం వండుకోవచ్చో లేదో గది చూపించిన రోజే చెప్పాలి, సామాను దించాక కాదు. ఇద్దరూ సంతకం చేసి చెరొక కాపీ ఉంచుకోండి.

డిపాజిట్ గురించి ఒక మాట. మొత్తం ఇల్లు అద్దెకిస్తే డిపాజిట్‌ను ప్రభుత్వం ఆమోదించిన పథకంలో పెట్టాలి. మన ఇంట్లో మనతో ఉండే లాడ్జర్‌కు సాధారణంగా ఆ నియమం లేదు. అంటే పేచీ వస్తే తీర్చే మూడో మనిషి ఆ పథకం ద్వారా దొరకడు. దిగే రోజే గది ఫోటోలు తీసి ఇద్దరి దగ్గరా ఉంచండి, రసీదు ఇవ్వండి.

వంటగది, బాత్‌రూమ్ మనతో పంచుకునే లాడ్జర్‌ను ఖాళీ చేయమనడానికి సాధారణంగా కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు. అయినా తగిన గడువు ఇచ్చి తీరాలి. నెలవారీ అద్దె అయితే నెల రోజులు ఇవ్వడం పద్ధతి. రాత్రికి రాత్రి పొమ్మనడం కుదరదు.

ఇక ప్రభుత్వ లెక్కలు. రెంట్ ఎ రూమ్ స్కీమ్ కింద, సామానుతో ఉన్న గది మీద ఏడాదికి 7,500 పౌండ్ల వరకు పన్ను లేదు. నెలకు 625 అన్నమాట. ఆదాయం ఇద్దరు పంచుకుంటే ఒక్కొక్కరికి 3,750. భోజనానికి వేరుగా తీసుకున్న డబ్బు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. పరిమితి దాటితే టాక్స్ రిటర్న్ వేయాలి.

గది ఇచ్చే ముందు రైట్ టు రెంట్ తనిఖీ తప్పనిసరి. ఈ-వీసా ఉన్నవారు షేర్ కోడ్ ఇస్తారు. దాన్నీ పుట్టినతేదీనీ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కొట్టి చూసి, ఆ పేజీ కాపీ దాచండి. బ్రిటిష్ పౌరులైతే పాస్‌పోర్టు చూడండి. తెలిసినవాళ్ళ పిల్లలని వదిలేయకండి. ఇక్కడ ఉండే హక్కు లేని వారికి తనిఖీ చేయకుండా గది ఇస్తే, మొదటిసారే ఒక్కో లాడ్జర్‌కు 5,000 పౌండ్ల వరకు జరిమానా పడవచ్చు.

గ్యాస్ పరికరాలను ఏటా గ్యాస్ సేఫ్ రిజిస్టర్డ్ ఇంజినీర్ చేత చూపించాలి. మార్ట్‌గేజ్ ఇచ్చినవారికీ ఇన్సూరెన్స్ వారికీ ముందే చెప్పండి. ఒంటరిగా ఉండి కౌన్సిల్ టాక్స్‌లో 25 శాతం తగ్గింపు పొందుతున్నవారికి, ఉద్యోగస్థులు దిగితే అది పోతుంది. ఫుల్‌టైమ్ విద్యార్థి అయితే లెక్కలోకి రారు, తగ్గింపు ఉంటుంది.

ఇప్పుడు మా ఇంట్లో ఒక అబ్బాయి ఉంటున్నాడు. నెలాఖరున టీ తాగుతూ "ఏమైనా ఇబ్బందిగా ఉందా బాబూ?" అని అడుగుతాం. మా ఇబ్బందులూ అప్పుడే చెబుతాం. చిన్నవిగా ఉండగానే తేలిపోతున్నాయి.

మొదటి అమ్మాయికి కోసుకున్న డబ్బు తర్వాత పంపించాం. "అందింది, థాంక్స్ ఆంటీ" అని మెసేజ్ పెట్టింది. అంతే. మీకు అలాంటి మెసేజ్ రాకూడదనే ఇదంతా రాశాం. మేము వాడే ఒప్పందం కాగితం నమూనా గుడి ఆఫీసులో ఉంచాం, కావలసినవారు తీసుకోండి.