162 మ్యాచ్‌ల ఫలితం మార్చిలోనే చెప్పగలమా?

డాలస్‌లో బంధువులు ఉన్న కుటుంబాలు మన పేరెంట్స్‌లో చాలానే ఉన్నాయి. సెలవులకు వచ్చిన మేనల్లుడి నెత్తిన ‘టీ’ అక్షరం ఉన్న నీలం టోపీ మీరూ చూసే ఉంటారు. అది టెక్సాస్ రేంజర్స్ అనే బేస్‌బాల్ జట్టుది. ఆ జట్టు 2021లో 102 మ్యాచ్‌లు ఓడింది. 2022లో 94 ఓడింది. 2023లో ఏకంగా వరల్డ్ సిరీస్ గెలిచింది! ఫైనల్లో వాళ్ల చేతిలో ఓడిన అరిజోనా డైమండ్‌బ్యాక్స్ కూడా రెండేళ్ల ముందు 110 ఓడిన జట్టే.

ఇలాంటి ఆటలో ఏ జట్టు ఎన్ని మ్యాచ్‌లు గెలుస్తుందో సీజన్ మొదలవక ముందే లెక్కగట్టి చెప్పేవాళ్లు ఉన్నారు. వాళ్లు వాడే లెక్కల్లో చాలా భాగం మీ పిల్లల మ్యాథ్స్ పుస్తకంలో ఉన్నవే. ఈ నెల ఆ సంగతి చూద్దాం.

ముందు ఆట గురించి రెండు మాటలు. మేజర్ లీగ్‌లో 30 జట్లు ఉంటాయి. మార్చి చివరి నుంచి సెప్టెంబర్ చివరి దాకా ఒక్కో జట్టు 162 మ్యాచ్‌లు, అంటే దాదాపు రోజూ ఆడుతుంది. ఐపీఎల్ లీగ్ దశలో ఒక్కో జట్టు ఆడేది 14. బేస్‌బాల్‌లో ఎంత గొప్ప జట్టయినా ఓటములు తప్పవు. 2001లో 116 గెలిచిన సియాటెల్ మెరినర్స్ కూడా 46 ఓడింది. 2024లో 121 ఓడిన చికాగో వైట్ సాక్స్ కూడా 41 గెలిచింది.

అంచనా వేసేవాళ్లు జట్టుతో కాదు, ఆటగాళ్లతో మొదలుపెడతారు. టామ్ టాంగో అనే విశ్లేషకుడు ‘మార్సెల్’ అనే పద్ధతి తయారుచేశాడు. కోతి కూడా చేయగలిగినంత తేలిక అని దానికి కోతి పేరే పెట్టాడు. ఆటగాడి గత మూడేళ్ల లెక్క తీసుకుంటాం. నిరుటి ఏడాదికి 5 పాళ్లు, అంతకు ముందుదానికి 4, దాని ముందుదానికి 3 పాళ్ల విలువ ఇస్తాం. ఉదాహరణకు ఒక బ్యాటర్ నిరుడు 40 హోమ్ రన్లు, ముందు ఏడాది 25, ఆ ముందు 20 కొట్టాడనుకోండి. 200, 100, 60 కలిపి 12తో భాగిస్తే 30. అక్కడితో ఆగం. ఆ 30ని లీగ్ సగటు వైపు మరికొంత జరుపుతాం. వయసు 29 దాటితే కాస్త తగ్గిస్తాం, దాటకపోతే కాస్త పెంచుతాం.

నిరుడు 40 కొట్టినవాడికి 30 లోపు వేయడం అన్యాయంగా అనిపిస్తుంది. ఇది చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు వీక్లీ టెస్ట్ మార్కులు చూపించి, “సార్, ఫైనల్స్‌లోనూ ఇంతే వస్తాయిగా? ఒక్క నంబర్ చెప్పండి చాలు” అని అడిగారు. నేను చెప్పలేకపోయాను. ఎవరి అత్యుత్తమ స్కోరులోనైనా సామర్థ్యంతోపాటు కొంత కలిసొచ్చిన రోజు కూడా ఉంటుంది. వచ్చే ఏడాదికి సామర్థ్యం ఉంటుంది, ఆ కలిసిరావడం ఉంటుందో లేదో తెలియదు. అందుకే సగటు వైపు జరపడం. బాగా తక్కువ వచ్చినవాడి అంచనా ఇదే లెక్కన పైకి జరుగుతుంది. ఆ సగం సాధారణంగా ఎవరూ అడగరు!

జట్టు మొత్తానికి ఇంకో సూత్రం ఉంది. బిల్ జేమ్స్ అనే ఆయన ఒక ఫ్యాక్టరీలో రాత్రి కాపలా ఉద్యోగం చేస్తూ బేస్‌బాల్ లెక్కలు రాసుకునేవాడు. ఆయన ఇచ్చినదే ఇది: జట్టు చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం రెండూ కలిపిన మొత్తంతో భాగించండి. వచ్చినదాన్ని 162తో గుణించండి. వర్గాలు కలుపుతాం కాబట్టి దీనికి పైథాగరస్ పేరు పెట్టారు, త్రిభుజంతో సంబంధం ఏమీ లేదు.

మీ అబ్బాయితోనో అమ్మాయితోనో కాలిక్యులేటర్ తీయించండి. 2012లో బాల్టిమోర్ ఓరియోల్స్ 712 పరుగులు చేసింది, 705 ఇచ్చింది. సూత్రం ప్రకారం గెలవాల్సింది 82. గెలిచింది 93. ఒక్క పరుగు తేడాతో తేలిన మ్యాచ్‌లలో 29 గెలిచి, 9 మాత్రమే ఓడింది. మరుసటి ఏడాది వాళ్ల గెలుపులు 85. గెలుపుల పట్టిక కంటే పరుగుల లెక్కే అసలు బలాన్ని దగ్గరగా చూపించింది. ఇక రేంజర్స్ 2023లో 881 చేసి 716 ఇచ్చింది. సూత్రం ప్రకారం దాదాపు 98 గెలవాలి, గెలిచింది 90. అంటే పట్టికలో కనిపించినదానికంటే మంచి జట్టే. నిజానికి 2021 సీజన్ అయ్యాక వాళ్లు కోరీ సీగర్‌ను పదేళ్లకు 32.5 కోట్ల డాలర్లకు, మార్కస్ సెమియెన్‌ను ఏడేళ్లకు 17.5 కోట్ల డాలర్లకు తెచ్చుకున్నారు. పాత పట్టిక మాత్రమే చూసినవాళ్లకు ఈ మార్పు బరువు తెలియదు.

ఇంత చేసినా ఎంత తప్పుతుంది? దీనికి ఇంట్లో చేసే ప్రయోగం ఉంది. ఒక సెక్షన్‌లో 30 మంది పిల్లలు, ఒక్కొక్కరు నాణెం 162 సార్లు ఎగరేయాలి. బొమ్మ పడితే గెలుపు. మూడింట రెండు వంతుల మందికి 75 నుంచి 87 మధ్య వస్తాయి. కానీ ఆ సెక్షన్‌లో ‘టాపర్’కు సుమారు 94, చివరి వారికి సుమారు 68 వస్తాయి. నాణేలన్నీ ఒకటే, ఎగరేయడంలో ప్రతిభ ఏమీ లేదు. అయినా ఒకటో ర్యాంకుకూ ముప్పయ్యో ర్యాంకుకూ మధ్య 26 గెలుపుల తేడా!

అందుకే నిజాయితీగా అంచనా వేసేవాళ్లు ‘85’ అని ఊరుకోరు, ‘బహుశా 79 నుంచి 91’ అంటారు. నేట్ సిల్వర్ రూపొందించిన ‘పెకోటా’ అనే పేరున్న పద్ధతి 2007లో వైట్ సాక్స్‌కు 72 గెలుపులు చెప్పింది, సరిగ్గా 72 వచ్చాయి. 2015లో అదే పెకోటా కాన్సాస్ సిటీ రాయల్స్‌కూ 72 చెప్పింది. వాళ్లు 95 గెలిచి, వరల్డ్ సిరీస్ కూడా ఎత్తుకుపోయారు. మొదటిదానికి చప్పట్లు కొట్టేవాళ్లు రెండోదాన్నీ గుర్తుపెట్టుకోవాలి. గాయాలు సరేసరి. రేంజర్స్ 2023 కోసమే తెచ్చుకున్న పిచర్ జేకబ్ డిగ్రామ్ ఆరు మ్యాచ్‌లు మొదలుపెట్టాక మోచేతి ఆపరేషన్‌కు వెళ్లాడు. ఏ సూత్రానికీ అది ముందే తెలియదు.

మరుసటి ఏడాది, 2024లోనూ సీగర్, సెమియెన్ అక్కడే ఉన్నారు, మేనేజర్ బ్రూస్ బోచీ కూడా మారలేదు. రేంజర్స్ 78 గెలిచింది, ప్లేఆఫ్స్‌కు చేరలేదు.