కృత్రిమ మేధకు గోండి అర్థమవుతుందా? బడిలో ఏఐ పరిశోధన నిధులకు సుక్మా వేస్తున్న ప్రశ్న

సుక్మా (ఛత్తీస్‌గఢ్‌): విద్యారంగానికి ప్రత్యేకంగా కృత్రిమ మేధ (ఏఐ) సెంటర్‌ ఆఫ్‌ ఎక్సలెన్స్‌ను రూ.500 కోట్లతో నెలకొల్పుతామని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్‌ 2025 ఫిబ్రవరి 1న బడ్జెట్‌ ప్రసంగంలో ప్రకటించారు. అంతకు ఏడాది ముందే, 2024 మార్చిలో, ఇండియా ఏఐ మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం రూ.10,371.92 కోట్లు ఆమోదించింది. బడిలో ఏఐకి డబ్బు లేదన్న మాట ఇక చెల్లదు. ఆ డబ్బుతో ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతారన్నదే తేలాల్సి ఉంది. బస్తర్‌ దక్షిణ కొసన, ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణ సరిహద్దులను ఆనుకుని ఉన్న సుక్మా జిల్లాలో ఆ ప్రశ్న తక్కిన చోట్లకన్నా సూటిగా ఎదురవుతుంది.

ఒకే జిల్లా, అనేక భాషలు

దంతెవాడ నుంచి విడిపోయి 2012లో ఏర్పడిన ఈ జిల్లాలో పాఠ్యపుస్తకాల భాష హిందీ. ఇళ్లలో వినిపించేవి వేరు. గోండిలోని పలు మాండలికాలు, కోయకు దగ్గరి దోర్లా, ధుర్వాలు మాట్లాడే పర్జీ, సంతలో అందరినీ కలిపే హల్బీ ఇక్కడ వాడుకలో ఉన్నాయి. శబరి ఒడ్డున ఉన్న కోంటా వైపు తెలుగు కూడా వినిపిస్తుంది. 2005లో మొదలైన సల్వాజుడుం కాలపు హింసలో ఊళ్లతో పాటు బడులూ చెదిరిపోయాయి. జగర్‌గుండలో 2006లో మూతపడిన బడి మళ్లీ తెరుచుకునేసరికి 2019 వచ్చింది. అంటే ఈ ప్రాంతంలోని పిల్లల్లో చాలామంది బడి మొహం చూసిన మొదటి తరం. వారు అక్షరాన్ని, పరాయి భాషను ఒకేసారి నేర్చుకోవాలి.

యంత్రం ఎలా వింటుంది?

ప్రాథమిక తరగతుల కోసం వస్తున్న ఏఐ సాధనాల్లో ఎక్కువగా చెప్పుకొనేది చదువు వినే సాధనం. పిల్లవాడు తెర మీది వాక్యాన్ని పైకి చదువుతాడు. యంత్రం ఆ ధ్వనిని తాను ముందే నేర్చుకున్న ధ్వనులతో పోల్చి, ఎన్ని పదాలు సరిగా పలికాడో లెక్కగట్టి, తర్వాతి పాఠాన్ని నిర్ణయిస్తుంది. దాని తీర్పు సరైనదా కాదా అన్నది అది అంతకుముందు ఎవరి గొంతులు విన్నదన్న దాన్ని బట్టి ఉంటుంది.

చిక్కు ఇక్కడే ఉంది. ద్రావిడ భాషల దేశి పదాల్లో ఒత్తక్షరాలు ఉండవు. గోండి ఇంటి భాషగా ఉన్న పిల్లవాడు హిందీ ‘ఘర్‌’ను ‘గర్‌’ అని పలికితే అతనికి చదవడం రాలేదని అర్థమా, యాసతో చదివాడని అర్థమా? (భాషను ‘బాస’ అనే తెలుగువారికి ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు.) ఆ పిల్లవాడికి చదువు వచ్చని ఉపాధ్యాయుడు గ్రహించగలడు. నగరాల హిందీ గొంతులు మాత్రమే విన్న యంత్రం దాన్ని తప్పుగా లెక్కించి, ఆ పిల్లవాణ్ని కింది స్థాయి పాఠానికి పంపే అవకాశం ఉంది. అలాంటి తప్పులు ఎన్ని జరుగుతున్నాయో, ఏ పిల్లల విషయంలో జరుగుతున్నాయో కొలవడం కొనుగోలుదారు పని కాదు. అది పరిశోధకుల పని, దానికి విడిగా నిధి కావాలి.

ఇది సరిహద్దు ఇవతలి సమస్య కూడా. ఎక్‌స్టెప్‌ ఫౌండేషన్‌ రూపొందించిన ఏఐ వేదికతో తెలంగాణ ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో ఆరు జిల్లాల్లోని 36 ప్రాథమిక పాఠశాలల్లో ప్రయోగాత్మక బోధన ప్రారంభించింది. ఆ జిల్లాల్లో సుక్మాను ఆనుకుని ఉన్న భద్రాద్రి కొత్తగూడెం ఒకటి. బస్తర్‌ హింస నుంచి తరలివచ్చిన గుత్తికోయల ఆవాసాలు ఎన్నో ఆ జిల్లా అడవుల్లోనే ఉన్నాయి. ఆ పిల్లలకు హిందీ ఎంత కొత్తదో తెలుగూ అంతే కొత్తది.

ఇప్పటివరకు ఉన్న ఆధారం

కంప్యూటర్‌ సాయంతో బోధనపై భారత్‌లో జరిగిన అధ్యయనాల్లో ఎక్కువగా ఉటంకించేది ఢిల్లీలో ‘మైండ్‌స్పార్క్‌’పై జరిగింది. కార్తీక్‌ మురళీధరన్‌, అభిజీత్‌ సింగ్‌, అలెహాంద్రో గానిమియన్‌ దాన్ని 2019లో ప్రచురించారు. 619 మంది విద్యార్థుల్లో లాటరీ పద్ధతిన ఎంపికైన వారికి ఈ కేంద్రాల్లో ఉచిత ప్రవేశం కల్పించి, మిగిలినవారితో పోల్చారు. నాలుగున్నర నెలల్లో గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల మేర మెరుగుదల కనిపించింది. విద్యారంగ ప్రయోగాల్లో ఇవి పెద్ద ఫలితాలే. అయితే ఆ కేంద్రాల్లో సగం సమయం కంప్యూటర్‌ ముందు, మిగతా సగం చిన్న బృందాలుగా బోధకుని వద్ద గడిచేది. ఈ సంగతిని ప్రచార పత్రాలు తరచూ వదిలేస్తుంటాయి. పైగా పిల్లలు ఢిల్లీ వారు, పాఠం హిందీలో సాగింది. ఆ అంకెలను సుక్మాకు యథాతథంగా అన్వయించడానికి వీల్లేదు.

పన్నెండు వేల లోపు, ఇరవై మూడు కోట్లు

గోండి కోసం జరిగిన పనికీ చరిత్ర ఉంది. టి.బరో, ఎస్‌.భట్టాచార్య గోండి మాండలికాల తులనాత్మక పదకోశాన్ని 1960లోనే వెలువరించారు. గోండి, తెలుగు ద్రావిడ కుటుంబంలో ఒకే శాఖకు చెందినవి. గోండిలో ‘ఏర్‌’ అంటే నీరు, తెలుగులో ఏరు. ఇటీవలి కాలంలో సీజీనెట్‌ స్వర, మైక్రోసాఫ్ట్‌ రీసెర్చ్‌ తదితర సంస్థలు సమాజంతో కలిసి నిఘంటువు, పిల్లల కథలు, మొబైల్‌ యాప్‌, ఫోన్‌ ద్వారా సమాచార సేవ రూపొందించాయి. ఇన్ని ప్రయత్నాల తర్వాత సమకూరిన అనువాద పదాలు, వాక్యాలు 12 వేలకు కాస్త తక్కువని ఆ పరిశోధకులు 2020లో నివేదించారు. మున్ముందు అనువాదానికి సాయపడగల 650 మందికి పైగా స్థానికులను గుర్తించడం ఆ కృషిలో మరో ఫలం. నిజానికి ఎక్కువ విలువైనది ఇదే.

దీని పక్కన మరో అంకె పెట్టి చూడాలి. ఐఐటీ మద్రాస్‌కు చెందిన ఏఐ4భారత్‌ 2023లో విడుదల చేసిన ఇండిక్‌ట్రాన్స్‌2 అనువాద నమూనాకు ఆధారమైన వాక్య జంటలు సుమారు 23 కోట్లు. అది రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషలకు పనిచేస్తుంది. గోండి ఆ జాబితాలో లేదు. 2011 జనగణనలో గోండి మాతృభాషగా నమోదు చేసుకున్నవారు 29.84 లక్షలు. జాబితాలో ఉన్న బోడో, మణిపురి, కొంకణి, డోగ్రీ భాషల్లో దేనికీ అంతమంది లేరు. సంస్కృతానికి 25 వేల లోపే. దత్తాంశాల సేకరణ షెడ్యూల్‌ను అనుసరిస్తుంది, నమూనాలు దత్తాంశాలను అనుసరిస్తాయి, బడి సాధనాలు ఆ నమూనాల మీద నిలబడతాయి. జాబితాలో లేని భాష ప్రతి మెట్టు వద్దా వెనకబడుతుంది.

ఈ లోటును పూడ్చే దిశగా గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2025 సెప్టెంబరు 1న ‘ఆది వాణి’ ప్రయోగాత్మక రూపాన్ని ప్రారంభించింది. ఐఐటీ ఢిల్లీ నేతృత్వంలో బిట్స్‌ పిలానీ, హైదరాబాద్‌, నయా రాయ్‌పుర్‌ ట్రిపుల్‌ ఐటీలు దీన్ని అభివృద్ధి చేశాయి. తొలి విడత భాషలు సంతాలీ, భీలీ, ముండారీ, గోండి. అయితే గోండి ఒకే రూపంలో లేదు. మధ్యప్రదేశ్‌ మండ్లా ప్రాంతపు గోండికి, దక్షిణ బస్తర్‌ గోండికి మధ్య దూరం పెద్దదే. ఒక మాండలికంలో నేర్చిన యంత్రం రెండో దాన్ని ఎంతవరకు అర్థం చేసుకుంటుందో సుక్మా పిల్లల గొంతులతో పరీక్షిస్తేనే తెలుస్తుంది. పెద్దల మాట విని శిక్షణ పొందిన యంత్రానికి పిల్లల స్వరం మరో అవరోధం.

ఖర్చు ఎక్కడ?

ఇలాంటి పరిశోధనలో ముఖ్యమైన వ్యయం సర్వర్లపై కాదు. ఊరూరా తిరిగి గొంతులు నమోదు చేసేవారికి, విని రాసేవారికి, వాటిని సరిచూసే గోండి, దోర్లా భాషీయులకు గౌరవప్రదమైన వేతనం ఇవ్వాలి. ఏడాది పొడవునా నడిచే పరీక్షలకు, సాధనం లేని బడులతో పోల్చి చూడటానికి మనుషులు కావాలి. 2024-25 యూడైస్‌ ప్లస్‌ లెక్కల ప్రకారం దేశంలో ఇంటర్నెట్‌ ఉన్న పాఠశాలలు 63.5 శాతం. కనుక అంతర్జాలం లేకుండా పనిచేసే సాధనాలనూ పరీక్షించాలి.

అనుమతి సంగతి మరొకటి. డిజిటల్‌ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం (2023) ప్రకారం 18 ఏళ్లలోపు వారి సమాచారాన్ని వాడాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన అంగీకారం అవసరం. పిల్లల గొంతు నమోదుకూ అదే వర్తిస్తుంది. చదవడం రాని తల్లిదండ్రులున్న ఊళ్లలో హిందీలో అచ్చువేసిన పత్రంపై వేలిముద్ర తీసుకుంటే ఆ నిబంధన ఉద్దేశం నెరవేరదు. వారి భాషలో వివరించి, వారి మాటగానే అంగీకారాన్ని నమోదు చేయాల్సి ఉంటుంది. ఆ పనికి పట్టే రోజుల ఖర్చు కూడా ప్రతిపాదనలోనే ఉండాలి.