వీధికుక్క కుట్టు మానాలంటే...

శేరిలింగంపల్లి: 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో విలీనమైన ఈ మాజీ మునిసిపాలిటీ వీధులలో చెవికి గాటు ఉన్న కుక్క కనిపిస్తే దానికి సంతాన నిరోధక ఆపరేషన్ అయినట్లే. 2023 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం కొద్దిరోజులు ఉంచుకొని, పట్టిన చోటనే వదలాలి. ఆపైన కట్టు మార్చే దిక్కుండదు, బురదలోనే పడుకుంటుంది. కనుక కుట్టు చీము పట్టకుండా మానడం చాలావరకు పనిముట్ల శుభ్రతపైనే ఆధారపడి ఉంటుంది.

ఒక కుక్కకు వాడిన సెట్టు శుద్ధి చేయనిదే మరొకదానికి వాడరాదు. స్పిరిట్‌తో తుడిస్తే సరిపోదు, మొండి క్రిములు దానికి చావవు. రక్తం ఎండకముందే చన్నీటితో కడగాలి. వేడినీరు పోస్తే అది లోహానికి అంటుకుపోతుంది. ఫోర్సెప్స్ కీలులోనే మురికి దాగుతుంది గనుక బ్రష్‌తో తోమి, నోరు తెరిచి ఆటోక్లేవ్‌లో పెట్టాలి. ఇదీ ప్రెషర్ కుక్కర్ వంటిదే: 15 పౌన్ల ఒత్తిడి, 121 డిగ్రీల ఆవిరి, గుడ్డ మూటకు 30 నిమిషాలు. మూట తడిగా బయటికి తీస్తే శ్రమంతా వృథా.

కండ కోసే కత్తెరతోనే దారం, గుడ్డ కత్తిరించే దురలవాటు కొందరికి ఉంది. మొద్దుబారిన కత్తెర కండను నలుపుతుంది, నలిగిన గాయం త్వరగా మానదు.

పొట్ట కుట్టేముందు పనిముట్లు, గాజుగుడ్డలు లెక్క చూడాలి. రద్దీ రోజున ముందుగా ఎగిరిపోయేది ఈ లెక్కే! వదిలిన కుక్కకు కుట్టు వాచినా, చీము కారినా కాలనీవాసులు వెంటనే ఆపరేషన్ కేంద్రానికి తెలపాలి.