కాళ్ల తిమ్మిరి – మందుల మంచిచెడ్డలు

కాలు మడచి కూర్చున్నప్పుడు పట్టిన తిమ్మిరి, లేచి నాలుగడుగులు వేసినచో పోవును. కాని రెండు పాదములలోను వ్రేళ్ల కొసలయందు మొదలై, నెలల తరబడి మెల్లగా పైకి ప్రాకు తిమ్మిరి అట్టిది కాదు. అరికాళ్లు మొద్దుబారును, దూదిపై నడచుచున్నట్లు తోచును, కొందరికి రాత్రివేళ నిప్పులు త్రొక్కినట్లు మంటలు కలుగును. కాళ్లకును చేతులకును పోవు నరములు చెడుటయే దీనికి హేతువు. వైద్యులు దీనిని న్యూరోపతి అందురు. పొడవైన నరములు ముందు దెబ్బతినును గనుక పాదములు ముందు మొద్దుబారును. చేతులకు పిమ్మట వచ్చును.

తెలంగాణ జిల్లాలనుండి పెక్కు తెలుగు కుటుంబములు మరమగ్గముల పనికై గుజరాత్‌లోని సూరత్ నగరమునకు వలసపోయినవి. మగ్గముల పేటయైన లింబాయత్‌లో కాపురమున్నను, తాపీనది కావలిగట్టున నున్న అడాజన్‌లో కాపురమున్నను, దినమెల్ల నిలిచి పనిచేయువానికి పాదములే జీవనాధారము. అట్టివారు తిమ్మిరిని ఉపేక్షింపరాదు.

కారణము నెరుగుట

మందు కొనుటకు ముందు కారణము తెలియవలెను. కారణములలో మధుమేహము ముఖ్యమైనది. రక్తములోని చక్కెరను అదుపులో నుంచినచో నరములు మరింత చెడకుండును. బి12 విటమిను పాలు, గ్రుడ్లు, చేపలు, మాంసములనుండి లభించును. కావున శాకాహారులకును, మెట్‌ఫార్మిన్ మాత్రలను ఏండ్ల తరబడి వాడువారికిని దాని కొరత కలుగవచ్చును. ఆ కొరతను సకాలమున తీర్చినచో నరములు కోలుకొనుటకు అవకాశము కలదు. అతిగా మద్యము త్రాగుట మరియొక కారణము. క్షయకు వాడు ఐసోనియాజిడ్ వలనను తిమ్మిరి రావచ్చును. దానిని నివారించుటకు బి6 విటమిను నిత్తురు. అంతమాత్రమున క్షయమందును మానరాదు. చర్మముపై స్పర్శలేని మచ్చ యున్నచో కుష్ఠువేమో పరీక్షింప వలెను. ఆ మందులు ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా లభించును. సూరత్‌లో ప్రభుత్వపు న్యూ సివిల్ ఆసుపత్రియు, నగరపాలక సంస్థవారి స్మిమేర్ ఆసుపత్రియు కలవు.

తిమ్మిరి హఠాత్తుగా ఒక ప్రక్కనే వచ్చినను, కొలది దినములలోనే కాళ్ల బలము సన్నగిలినను, మలమూత్రములపై అదుపు తప్పినను క్షణము జాగు చేయక ఆసుపత్రికి పోవలెను.

ఏ మందు ఎవరికి?

మందులు రెండు తెగలు. కారణమును సరిదిద్దునవి కొన్ని. మంటను, పోటును మాత్రమే తగ్గించునవి కొన్ని. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్ అనునవి రెండవ తెగకు చెందినవి. ఇవి పోయిన స్పర్శను తిరిగి తేలేవు. నొప్పి లేక తిమ్మిరి మాత్రమే యున్నవారికి వీనివలన ప్రయోజనము కానరాదు. మంటచే నిద్ర పట్టనివారికి ఇవి మేలు చేయవచ్చును. బాధ పూర్తిగా పోకున్నను, సగము తగ్గినచో మందు ఫలించినదనియే ఎంచవలెను.

ప్రతి మందునకును ఒక వెల కలదు. ప్రీగాబాలిన్, గాబాపెంటిన్‌ల వలన మగత, తలతిరుగుడు, పాదముల వాపు కలుగవచ్చును. మూత్రపిండముల జబ్బున్నచో మోతాదు తగ్గింప వలెను. యంత్రముల యొద్ద పనిచేయువాడు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పవలెను. అమిట్రిప్టిలిన్ నోరెండజేయును, గుండెజబ్బు, నీటికాసులు, మూత్రము బిగియుట కలవారికిని వృద్ధులకును అంతగా తగదు. డులోక్సెటిన్ వికారము కలిగించును. కాలేయవ్యాధి కలవారు వాడరాదు. వీనిలో దేనినైనను వైద్యుని సలహా లేక ఒక్కసారిగా మానరాదు. బలమునకని బి6 మాత్రలను అధికముగా మ్రింగుటయు ప్రమాదమే. మితిమీరిన బి6 స్వయముగా నరములను చెరచును.

కావున వైద్యుని మూడు ప్రశ్నలడుగుడు: నా తిమ్మిరికి కారణమేమి? ఈ మందు కారణమునకా, బాధకా? ఇది పనిచేయుచున్నదో లేదో ఎన్నాళ్లకు తేల్చుకొనవలెను?

పాదములకు కాపుదల

స్పర్శలేని పాదము ముల్లును, నిప్పును ఎరుగదు. తెలియని పుండు ముదిరి, తుదకు వ్రేలినో కాలినో తీయవలసి వచ్చిన సందర్భములు కలవు. ప్రతిరాత్రియు అరికాళ్లను అద్దములో చూచుకొనుడు. చూపు చాలనివారు ఇంటివారిచే చూపించుకొనుడు. ఇంటిలోనైనను వట్టికాళ్లతో నడువకుడు. చెప్పులు తొడుగుటకు ముందు లోపల చేయిపెట్టి చూడుడు. వేడినీటిని పాదముతో కాక మోచేతితో పరీక్షింపుడు. ఆనెలను బ్లేడుతో కోయకుడు. 2006 ఆగస్టులో తాపీ వరదచే అడాజన్ పేట నీటమునిగినది. అట్టి నీటిలో మొద్దుబారిన పాదమునకు మేకు గ్రుచ్చుకొన్నను తెలియదు. వానకాలములో బురదనీటిలో నడచినచో, ఇంటికి రాగానే కాళ్లు కడిగి, వ్రేళ్ల సందులు తుడిచి, గాయములున్నవేమో చూచుకొనుడు.

మందును ఎంచుకొనుటకు కొంత ఆలోచన వలెను, వైద్యుని సలహా వలెను. పాదములను చూచుకొనుటకు అవేవియు అక్కరలేదు. ఈ రాత్రియే ఆరంభింపవచ్చును.