ఆ బటన్ ఒత్తకు అల్లుడా

మొన్న ఆదివారం రాత్రి మా అక్క కొడుకు ఫోన్ చేసిండు. వాడు గచ్చిబౌలిల ఐటీ కొలువు చేస్తడు. ఆర్నెల్ల కింద సెకండ్ హ్యాండ్ల ఒక స్పోర్ట్స్ కారు కొన్నడు. రెండు డోర్లది, ఇంజన్ బలమంతా వెనుక చక్రాలకే పోతది. "మామా, స్టెబిలిటీ కంట్రోల్ బంద్ చేసి నడిపితేనే అసలు మజా అంటున్నరు మా దోస్తులు. తెల్లారగట్ల నాలుగింటికి ఔటర్ ఖాళీగ ఉంటది కదా, ఒక్కసారి బంద్ చేసి చూస్త" అన్నడు.

నేను ఇరవై ఏండ్లకు పైనే కార్లతోని బతుకుతున్న. మొదట డ్రైవర్ కొలువు, తర్వాత సొంతంగ గ్యారేజీ. వానికి వద్దు అని ఒక్క ముక్క చెప్పి ఫోన్ పెట్టేయొచ్చు. కానీ వద్దంటే ఆగే వయసు కాదది. ఎందుకు వద్దో చెప్తేనే ఇంటడు. వానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్న. గిసుంటి కార్లు, గిసుంటి పోరగాళ్లు ఇప్పుడు మన దగ్గర మస్తుగున్నరు.

ముందుగాల ఈ స్టెబిలిటీ కంట్రోల్ ఏందో చూద్దాం. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడ్తది. బీఎండబ్ల్యూ డీఎస్‌సీ అంటది, పోర్షే పీఎస్‌ఎం అంటది, టొయోటా వీఎస్‌సీ అంటది. పని మాత్రం ఒక్కటే. నువ్వు స్టీరింగ్ ఎంత తిప్పినవో ఒక సెన్సర్ చూస్తది. నాలుగు చక్రాలు ఎంత స్పీడుగ తిరుగుతున్నయో ఇంకో నాలుగు సెన్సర్లు చూస్తయి. కారు ఉన్నకాడనే ఎంత గిర్రున తిరుగుతున్నది, పక్కకు ఎంత గుంజుతున్నది అనేది కూడ కొలుస్తయి. నువ్వు పోవాలనుకున్న దిక్కు ఒకటి, కారు నిజంగ పోతున్న దిక్కు ఒకటి. ఈ రెండింటిని కంప్యూటర్ సెకనుకు ఎన్నోసార్లు పోల్చి చూస్తది. తేడా కనబడితే ఇంజన్ బలం తగ్గించి, ఏ చక్రానికి అవసరమో ఆ చక్రానికే బ్రేక్ వేస్తది.

మలుపుల ముందు టైర్ల పట్టు తప్పి కారు నేరుగా పోతుంటే లోపలి వైపు ఉన్న వెనుక చక్రానికి బ్రేక్ పడ్తది. వెనుక భాగం బయటికి జారుతుంటే బయటి వైపు ముందు చక్రానికి పడ్తది. ఇక్కడ ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలె. మన కాలు కింద బ్రేక్ పెడల్ ఒక్కటే ఉంటది. అది తొక్కితే నాలుగు చక్రాలకూ పడ్తది. ఎంత పెద్ద రేసర్ అయినా సరే, ఒక్క చక్రానికి విడిగ బ్రేక్ వేయలేడు. "నాకు డ్రైవింగ్ బాగ వస్తది, నాకెందుకది?" అనేటోళ్లు ఈ ముచ్చటే మర్చిపోతున్నరు. ఈ పని డ్రైవింగ్ రానోళ్ల కోసం చేసేది కాదు, మనిషి చేతగ్గాని పని.

ఇది నిన్నగాక మొన్న వచ్చింది కూడ కాదు. 1995ల బాష్ కంపెనీ, మెర్సిడెస్ కలిసి పెద్ద కార్లల్ల తెచ్చినయి. 1997ల స్వీడన్‌ల ఒక ఆటోమొబైల్ పత్రికోళ్లు మెర్సిడెస్ చిన్న కారు ఏ-క్లాస్‌ను పరీక్ష చేసిండ్రు. రోడ్డు మీదికి అడవి జంతువు అడ్డమొస్తే ఎట్ల తప్పించుకుంటమో, గట్ల ఎడమకు, వెంటనే కుడికి తిప్పిండ్రు. కారు బోల్తా పడ్డది. కంపెనీ పరువు పోయినంత పనైంది. అమ్మకాలు ఆపి, ఆ చిన్న కారుకు కూడ స్టెబిలిటీ కంట్రోల్ పెట్టి మళ్ల మార్కెట్ల వదిలిండ్రు. గట్ల అది పెద్దోళ్ల కార్ల నుంచి మామూలు కార్లకు దిగింది. అమెరికాల 2012 మోడల్ నుంచి, యూరప్‌ల 2014 నవంబర్ నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేసిండ్రు. ఇది ఉన్న కార్లల్ల, వేరే బండి తగలకుండ ఒక్క కారే అదుపు తప్పి ప్రాణం పోయే ప్రమాదాలు దాదాపు సగం తగ్గినయని అమెరికాల హైవే సేఫ్టీ ఇన్సూరెన్స్ సంస్థ లెక్క తేల్చింది. సీటు బెల్టు తర్వాత ఇంత పని చేసినవి తక్కువ.

ఇగ మా అల్లుడు ఫోన్ల అన్న మాటకొద్దాం. "మామా, అది ఆన్‌ల ఉంటే కారు నా చేతిల ఉన్నట్టు అనిపించది." ఈ మాటల నిజం లేకపోలేదు. పాత కార్లల్ల ఈ సిస్టమ్ చానా మొరటుగ పనిచేసేది. కొంచెం జారంగనే ఇంజన్ గొంతు పట్టుకునేది, మలుపు మధ్యల కారు కుదుపు ఇచ్చేది. ట్రాక్ మీద గంటసేపు నడిపితే మాటిమాటికి బ్రేకులు వేసి వేడెక్కించేది. కారు గుణం తెల్వాలంటే దాని పట్టు ఎక్కడ తప్పుతదో చూడాలె అనేది కూడ ఖరే. అందుకే కంపెనీలు మధ్యల మోడ్‌లు పెట్టినయి. ఫెర్రారీ స్టీరింగ్ మీద మానెట్టినో అని ఒక చిన్న నాబ్ ఉంటది. వానకో లెవల్, రోడ్డుకో లెవల్, ట్రాక్‌కో లెవల్, చివర్ల పూర్తిగ ఆఫ్. చానా కార్లల్ల బటన్ ఒకసారి ఒత్తితే ట్రాక్షన్ కంట్రోల్ ఒక్కటే పోతది, కొన్ని సెకన్లు ఒత్తి పట్టుకుంటే స్టెబిలిటీ కూడ పోతది. ఈ రెండింటికి తేడా తెల్వకుండనే ఒత్తేటోళ్లే ఎక్కువ.

కానీ రోడ్డు లెక్క వేరే. ఒక చిన్న లెక్క చెప్త. ఔటర్ దిగేటప్పుడు గుండ్రంగ తిరిగే ర్యాంప్ ఉంటది కదా. దాని మలుపు 50 మీటర్ల వ్యాసార్ధం అనుకుందాం. 60 స్పీడ్ల పోతే కారు బరువుల సగం కంటే కొంచెం ఎక్కువ బలంతోని టైర్లు రోడ్డును పట్టుకోవాలె. అదే 80ల పోతే కారు బరువంత బలం కావాలె. స్పీడు మూడో వంతే పెరిగింది, టైర్ల మీద భారం మాత్రం దగ్గర దగ్గర 80 శాతం పెరిగింది. మంచి టైరు పొడి రోడ్డు మీదనే ఆ అంచుల ఉంటది. తడి రోడ్డు మీద, మట్టి మీద, లారీ నుంచి కారిన డీజిల్ మీద అంత పట్టు యాడికెల్లి వస్తది?

గట్ల అంచుల ఉన్నప్పుడు భయపడి యాక్సిలరేటర్ మీదికెల్లి కాలు తీస్తం. అది అందరం చేసేదే. కాలు తీయంగనే కారు బరువు ముందుకు పడ్తది, వెనుక తేలికైతది, వెనుక చక్రాలు బయటికి జారుతయి. 100 స్పీడ్ల కారు సెకనుకు 28 మీటర్లు పోతది. నువ్వు తెలుసుకొని స్టీరింగ్ ఎదురు తిప్పేలోపల ఒక బస్సు పొడవు కంటే ఎక్కువే పోయి ఉంటవు.

నాకిది పుస్తకాల చదివి తెల్వలేదు. కొన్నేండ్ల కింద ఒక దోస్తు కారుల చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కు పోయిన. పక్కన నేర్పేటాయన కూసున్నడు. తలకు హెల్మెట్, ఎదురుంగ వచ్చే బండ్లు లేవు. ఆయన చెప్పినంకనే సిస్టమ్ బంద్ చేసిన. మూడో రౌండ్ల ఒక మలుపు కాడ కాలు కొంచెం తొందరపడ్డది. నా చేతులు కదిలేటాళ్లకు కారు వెనక్కి తిరిగి గడ్డిల ఆగింది. అన్నేండ్ల అనుభవం ఆ ఒక్క సెకనుల యాడికి పోయిందో తెల్వది. నేర్పేటాయన నవ్వి, "రోడ్డు మీదైతే ఈ గడ్డి ఉండది" అన్నడు. గంతే.

2013 నవంబర్‌ల అమెరికాల పాల్ వాకర్ పోయిన సంగతి మా అల్లునికి తెలుసు, ఆ సినిమాలు చూసే వానికి ఈ పిచ్చి పట్టింది. ఆయన పక్క సీట్ల ఉన్నడు, నడిపింది ఆయన దోస్తు. రేసులల్ల నడిపిన అనుభవం ఉన్నాయన. కారు పోర్షే కరెరా జీటీ, అందుల స్టెబిలిటీ కంట్రోల్ లేనే లేదు. గంటకు 45 మైళ్లు దాటొద్దన్న రోడ్డు మీద 80 నుంచి 93 మైళ్ల స్పీడు, అంటే మన లెక్కల 130 నుంచి 150 కిలోమీటర్లు. టైర్లు తొమ్మిదేండ్ల పాతవి. స్పీడే అసలు కారణమని పోలీసులు తేల్చిండ్రు. ఆ సిస్టమ్ ఉంటే బతికేటోళ్లు అని నేననను. అనుభవం ఒక్కటే కాపాడది అని మాత్రం అంట.

ఇదే మాట ఆఖరికి వానికి ఇట్ల చెప్పిన: "నువ్వు పద్ధతిగ నడిపితే ఆ సిస్టమ్ నీ జోలికే రాదు. డ్యాష్‌బోర్డ్ మీద పసుపు లైటు మిణుకుమనదు. అంటే అది ఆన్‌ల ఉన్నా నీకు పోయేది ఏం లేదు. ఒకవేళ లైటు మిణుకుమన్నదంటే నువ్వు అప్పటికే తప్పు చేసినవు, గప్పుడు అది నీకు కావాలె. ఇగ రోడ్డు మీద బంద్ చేసి బాగుపడేది ఎప్పుడో నువ్వే చెప్పు."

వాడు కాసేపు మాట్లాడలె. "కావాలని జారిద్దామంటే?" అన్నడు.

కావాలని జారించడానికి జాగ కావాలె. రోడ్డు మీద ఆ జాగ మనది కాదు. తెల్లారగట్ల నాలుగింటికి ఔటర్ ఖాళీగ ఉంటదనేది కూడ వట్టి మాట. శంషాబాద్ పోయే క్యాబులు ఉంటయి, మార్కెట్‌కు కూరగాయల బండ్లు ఉంటయి, పక్కకు ఆపుకొని నిద్రపోయే లారీ డ్రైవర్లు ఉంటరు, డివైడర్ కాడ చెట్లకు నీళ్లు పోసేటోళ్లు, ఊడ్చేటోళ్లు ఉంటరు. నీ మజా ఎట్లుంటదో వాళ్లకు తెల్వది, వాళ్లను ఎవ్వరు అడగలె.

మరి ఎప్పుడన్న బంద్ చేయొచ్చా? చేయొచ్చు. బురదల, ఇసుకల చక్రం దిగబడి ఊరికే తిరుగుతుంటే, సిస్టమ్ ఇంజన్ బలం తగ్గించి బయటికి రానియ్యది. గప్పుడు ట్రాక్షన్ కంట్రోల్ తీసి, మెల్లగ బయటికొచ్చి, మళ్ల ఆన్ చేయాలె. రెండోది రేస్ ట్రాక్. అక్కడ కూడ మొదటి రోజే కాదు. ముందు పూర్తిగ ఆన్‌ల పెట్టి లైటు మిణుకుమనకుండ రౌండ్లు తిరగాలె. తర్వాత స్పోర్ట్ మోడ్. తడి చేసిన ఖాళీ జాగల తక్కువ స్పీడ్ల జారుడు ఎట్లుంటదో నేర్చుకోవాలె. పూర్తిగ ఆఫ్ అనేది చివరి మెట్టు.

ఇంకోటి, సిస్టమ్ ఆన్‌ల ఉన్నదని ధీమా కూడ వద్దు. అది ఉన్న పట్టును సక్కగ పంచుతది, లేని పట్టును పుట్టియ్యలేదు. రోడ్డును పట్టుకునేది టైరే. టైరు పక్కన నాలుగంకెలు ఉంటయి చూడు. 2319 అని ఉంటే 2019ల 23వ వారం తయారైంది అని. సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నోళ్లు ముందు చూడాల్సింది ఆ అంకెలు. ఇసుంటి కార్లు ఎక్కువ తిరగవు, అందుకని టైరు పైకి కొత్తగనే కనబడ్తది, రబ్బర్ మాత్రం ఎండి గట్టిపడి ఉంటది.

తెల్లారి మా అల్లుడు నాకొక ఫొటో పంపిండు. వాని కారు వెనుక టైరుది. నాలుగంకెలు చూస్తే ఏడేండ్ల కిందివి. "మామా, ముందు టైర్లు మారుస్త. చెన్నైకి నువ్వు కూడ రావాలె" అని రాసిండు. వస్త అన్న. ఔటర్ ముచ్చట మళ్ల ఎత్తలె. మా అక్కకు మాత్రం ఈ సంగతి ఇంకా చెప్పలేదు.