కుక్క తుంటి ఎముక తప్పితే

నన్నయగారి భారతంలో జనమేజయుని తమ్ములు ఒక కుక్కపిల్లను నిష్కారణంగా కొడతారు. దాని తల్లి సరమ రాజు ఎదుటకే వచ్చి, ఇదేమి న్యాయమని అడుగుతుంది. మన ఇళ్ళలోని కుక్కలకు ఆ నోరు లేదు. కారు తగిలినా, మేడమీదనుంచి పడినా కాసేపు మూలిగి ఊరుకుంటాయి. మరునాడు మూడు కాళ్ళమీద కుంటుతూ వస్తే, "నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది" అనుకుంటాం. కాని వైద్యానికి అనువైనవి ఆ నాలుగు రోజులే.

తుంటి కీలు గిన్నెలో బంతి వంటిది. తొడ ఎముక తల బంతి. కటి ఎముకలోని గుంట గిన్నె. బంతిని గిన్నెకు పట్టి ఉంచే చిన్న బంధనం ఒకటి, చుట్టూ సంచివంటి పొర ఒకటి ఉంటాయి. గట్టి దెబ్బకు ఇవి తెగితే, బంతి చాలావరకు పైకీ ముందుకూ జారుతుంది. అందుకే ఆ కాలు పొట్టిగా కనిపిస్తుంది. ఆలస్యమైనకొద్దీ కండరాలు బిగుసుకుంటాయి, గిన్నె పూడుకుపోతుంది.

ఇంట్లో కాలు పట్టి లాగరాదు. ఎముక తప్పిందో, విరిగిందో ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది. అల్సేషియన్, లాబ్రడార్ వంటి జాతులలో కొన్నిటికి వంశపారంపర్యంగా గిన్నె లోతు తక్కువ. అదీ అందులోనే బయటపడుతుంది. ఈ లోపాలు లేకపోతే వైద్యులు మత్తు ఇచ్చి, కోత లేకుండానే బంతిని లోపలికి సర్ది, కాలు మడిచి కట్టు కడతారు. ఇంచుమించు సగం కుక్కలకు దీనితోనే నయమవుతుంది.

మళ్ళీ జారితే శస్త్రచికిత్స తప్పదు. తెగిన పొరను కుట్టడం ఒక పద్ధతి. ఎముకలకు రంధ్రాలు చేసి కృత్రిమ బంధనం అమర్చడం రెండవది. దీనిని 1953లో అమెరికాలో నోల్స్ అనే పశువైద్యులు ప్రకటించారు. మూడవది వింతగా తోస్తుంది: బంతినే కోసి తీసివేస్తారు! అక్కడ నారవంటి కణజాలం పెరిగి ఎముకల నడుమ మెత్తలా నిలుస్తుంది. చిన్న కుక్కలు దీనితో చక్కగా పరుగెత్తుతాయి. బరువైన కుక్కలకు లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నె అమర్చే చికిత్స 1970 తరువాత వచ్చింది. ఖర్చు మాత్రం ఎక్కువ.

తరువాతి వారాలలో ఇంటివారి శ్రద్ధ ముఖ్యం. కట్టు తడవకూడదు, కుక్క మెట్లు ఎక్కకూడదు, నున్నని గచ్చుమీద జారకూడదు. బంతి తీసిన కుక్కను మాత్రం వైద్యుడు చెప్పగానే మెల్లగా నడిపించాలి. లేకపోతే కాలు బిగుసుకుపోతుంది.

కాలు పోయిందని కుక్కను వీధిలో వదిలివేసేవారున్నారు. అంత నిరాశ అక్కరలేదు. కుంటు కనిపించిన రోజే వైద్యునికి చూపిస్తే, చాలా కుక్కలు మళ్ళీ నాలుగు కాళ్ళమీద నడుస్తాయి.